జంతు ప్రవర్తన: చూసినదీ, ఊహించినదీ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

• జంతువు ప్రవర్తనలో కంటికి కనిపించిన అంశాన్నీ, దానికి మనం కల్పించుకొన్న అర్థాన్నీ వేరుచేసి చెప్పడం.
• ఒక వివరణ సరైనదో కాదో తేల్చడానికి పోలిక ఎందుకు అవసరమో ఉదాహరణలతో వివరించడం.
• గిజిగాడు, కోకిల, తేనెటీగ, పాము జీవితాల్లోని ముఖ్యాంశాలను తెలపడం.
• పాముకాటు విషయంలో ప్రచారంలో ఉన్న నమ్మకాలను పరిశీలించి, కాటు వేసినప్పుడు చేయవలసిన పనులను వివరించడం.

పరిచయం

సంక్రాంతి రోజుల్లో గంగిరెద్దు మీ వాకిట్లోకి వచ్చే ఉంటుంది. "అయ్యగారికి దండం పెట్టు" అనగానే అది ముందుకాళ్ళు వంచుతుంది. "అమ్మగారు పాత చీర పెడతారా?" అని అడిగితే తల ఊపుతుంది. ఎద్దుకు మాటలన్నీ తెలుసునని పిల్లలు నమ్ముతారు. పెద్దలు నవ్వుకొంటారు. తాడు పట్టుకొన్న చేయి ఎప్పుడు కదిలిందో, డోలు మీద దెబ్బ ఎప్పుడు పడిందో వారు గమనిస్తారు కాబట్టి.

మరి తాడూ లేదు, డోలూ లేదు, యజమాని కూడా పక్కన లేడు, అయినా జంతువు సరైన సమాధానమే చెబుతోంది అనుకోండి. అప్పుడు పెద్దలు మాత్రం ఏమంటారు? సుమారు 120 ఏళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి చిక్కే కొందరు ప్రొఫెసర్లకు ఎదురయింది. ఆ చిక్కు విడిన తీరును తెలుసుకొంటే జంతువుల గురించి మనం వినే కథలన్నింటినీ పరీక్షించే పద్ధతి ఒకటి మన చేతికి వస్తుంది. దాన్ని మొదట పక్షుల మీద, తేనెటీగల మీద ప్రయోగించి చూద్దాం. చివరికి, పొరపాటు పడితే ప్రాణమే పోయే ఒక విషయానికి వద్దాం.

లెక్కలు చేసిన గుర్రం

జర్మనీలోని బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణితోపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన తన గుర్రానికి హాన్స్ అని పేరు పెట్టి, నల్లబల్ల ముందు నిలబెట్టి, ఏళ్ళ తరబడి లెక్కలు నేర్పాడు. మూడూ నాలుగూ కలిపితే ఎంత అని అడిగితే హాన్స్ డెక్కతో నేల మీద ఏడుసార్లు తట్టి ఆగేది. భిన్నాలు చేసేది, తేదీలు చెప్పేది. చూడటానికి వచ్చినవారి దగ్గర ఓస్టెన్ డబ్బు తీసుకొనేవాడు కాదు. ఆయన లేనప్పుడు కొత్తవారు అడిగినా గుర్రం సమాధానం చెప్పేది. 1904లో ఒక సంఘం పరిశీలించి, ఇందులో మోసమేమీ కనిపించలేదని తేల్చింది.

ఆ తరువాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే యువ పరిశోధకుడు ఒక చిన్న మార్పు చేశాడు. కొన్నిసార్లు సమాధానం తెలిసిన వ్యక్తి చేత, కొన్నిసార్లు సమాధానం తెలియని వ్యక్తి చేత ప్రశ్న అడిగించాడు. తెలిసినవారు అడిగితే గుర్రం దాదాపు ప్రతిసారీ సరిగా చెప్పింది. తెలియనివారు అడిగితే తప్పింది. కళ్ళకు గంతలు కట్టి, అడిగే మనిషి కనబడకుండా చేసినప్పుడు కూడా తప్పింది. అంటే గుర్రం లెక్క చేయడం లేదు, మనిషిని చూస్తోంది. ప్రశ్న ముగియగానే అడిగిన మనిషి డెక్క వైపు చూస్తూ కొంచెం ముందుకు వంగుతాడు. సరైన అంకె రాగానే తనకు తెలియకుండానే తల రవ్వంత పైకెత్తుతాడు. ఆ కదలిక కనబడగానే హాన్స్ ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా ఆ కదలికను పూర్తిగా అణచుకోవడం ఫుంగ్‌స్ట్‌కు సాధ్యం కాలేదు. ఆయన ఈ ఫలితాలను 1907లో ప్రచురించాడు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, ఓస్టెన్ మోసగాడు కాడు. తప్పుడు నమ్మకం కలగడానికి మోసగాడు ఉండనక్కరలేదు. రెండు, హాన్స్ తెలివితక్కువదీ కాదు. పక్కనున్న మనుషులు పసిగట్టలేని కదలికను అది పసిగట్టింది. దానికి లెక్కలు రావన్నది ఫలితంలో సగమే. దానికి వచ్చిన విద్య ఏమిటన్నది మిగతా సగం.

ఈ ప్రయోగం నుంచి మనం మూడు ప్రశ్నలు తీసుకొందాం. ఈ భాగమంతా వీటి మీదే నడుస్తుంది.

1. నేను నిజంగా చూసింది ఏమిటి?
2. చూసినదానికి ఇంకో వివరణ ఉండవచ్చునా?
3. ఈ రెండు వివరణల్లో ఏది సరైనదో తేల్చే పోలిక ఏది?

గిజిగాడి గూటిలో దీపం

మన పల్లెల్లో బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ, తాటి, ఈత మట్టలకూ వేలాడే గిజిగాడి గూళ్ళను మీరు చూసే ఉంటారు. గిజిగాడు గూటిలో తడిమట్టి ముద్ద పెట్టి, దానికి మిణుగురు పురుగును అంటించి, రాత్రిపూట దీపంగా వాడుకొంటుందని మనకు ఒక కథ ఉంది.

మొదటి ప్రశ్న వేద్దాం. ఇందులో చూసినది ఎంత? గూటి గోడకు లోపలివైపు మట్టి ముద్దలు ఉండటం నిజం. గూడు విప్పి చూస్తే కనబడతాయి. మిణుగురు దీపం మాత్రం ఊహ. పగలు తిరిగే ఈ పక్షికి రాత్రి గూటిలో వెలుతురుతో పని లేదు. పైగా ఆ వెలుతురు శత్రువుకు దారి చూపుతుంది. మట్టి ఎందుకు పెడుతుందన్న ప్రశ్నకు, గాలికి ఊగే గూటికి బరువు చేకూర్చడానికి అనేది ఒక వివరణ. నిజమైన పరిశీలనకు ఒక అందమైన ఊహను అతికించడం ఎలా ఉంటుందో ఈ కథ చక్కగా చూపిస్తుంది.

అసలు సంగతులు కథకన్నా తక్కువ ఆసక్తికరమైనవేమీ కావు. 1930 ప్రాంతంలో సలీం అలీ బొంబాయికి దగ్గరలోని కిహిం అనే తీరగ్రామంలో ఈ పక్షులను రోజుల తరబడి గమనించారు. గూడు కట్టేది మగపక్షి. వరి ఆకునో గడ్డిపోచనో అంచున కొరికి, పట్టి లాగి, సన్నని పీచుగా చీల్చుకొంటుంది. గూడు సగం పూర్తయి, బోర్లించిన టోపీ ఆకారంలో ఉన్నప్పుడు ఆడపక్షులు చూడటానికి వస్తాయి. ఆడపక్షికి గూడు నచ్చితేనే మగపక్షి గుడ్ల గదినీ, కిందికి దిగే గొట్టాన్నీ పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే మిగిలిపోతుంది. మీ ఊళ్ళో వేలాడే గూళ్ళలో కొన్ని అసంపూర్తిగా ఉండటానికి ఇదే ఒక ముఖ్య కారణం. ఒక ఆడపక్షి స్థిరపడి గుడ్లు పొదుగుతుండగానే మగపక్షి పక్కన ఇంకో గూడు మొదలుపెడుతుంది. "ఆదర్శ దంపతులు" అని మనం చెప్పుకొనే మాట కూడా ఈ పక్షికి వర్తించదు.

కోకిలమ్మా? కోకిలయ్యా?

తెలుగులో మనం కోకిలమ్మ అంటాం. బాగా పాడే స్త్రీని కోకిలతో పోలుస్తాం. కాని వసంతంలో "కుహూ" అని గొంతు పెంచుకొంటూ పాడేది మగకోకిల. నల్లగా నిగనిగలాడే శరీరం, ఎర్రని కళ్ళు దానివి. ఆడకోకిల గోధుమ రంగులో, తెల్లని చుక్కలతో, చారలతో ఉంటుంది. దాని అరుపు "కిక్-కిక్-కిక్" అని కరకుగా వినబడుతుంది. రెండు పక్షులనూ వేరువేరుగా చూసినవారు చాలామంది అవి రెండు జాతులనే అనుకొంటారు.

ఆడకోకిల కాకి గూటిలో గుడ్లు పెడుతుందని మనవాళ్ళు ఏనాడో గమనించారు. ఈ పరిశీలన అక్షరాలా నిజం. దానికి చేర్చిన ఊహ మాత్రం "కాకి తెలివితక్కువది" అన్నది. నిజానికి పక్షుల్లో బాగా తెలివైన వాటిలో కాకి ఒకటి. మరి మోసపోవడం ఎందుకు? కోకిల గుడ్డు కాకి గుడ్డుకన్నా చిన్నది అయినా రంగులో, మచ్చల్లో దాన్ని పోలి ఉంటుంది. కోకిల పిల్ల కాకిపిల్లలకన్నా ముందే గుడ్డు నుంచి బయటపడి నోరు తెరుస్తుంది. తన గూటిలో తెరిచిన నోరు కనబడితే ఆహారం పెట్టడం తల్లిపక్షికి పుట్టుకతో వచ్చిన స్పందన. ఇలాంటి స్పందనను రేకెత్తించే గుర్తును ప్రవర్తనా శాస్త్రంలో సంకేత ఉద్దీపన అంటారు. తన గూటిలో నోరు తెరిచేది దాదాపు ఎప్పుడూ తన పిల్లే కాబట్టి ఈ ఏర్పాటు సాధారణంగా కాకికి మేలే చేస్తుంది. కోకిల ఆ ఏర్పాటునే వాడుకొంటుంది. ఇందులో మూర్ఖత్వమూ లేదు, దయా లేదు. మనుషుల గుణాలను పక్షులకు ఆపాదించినంతకాలం ఈ ఏర్పాటు మనకు కనబడదు.

నమ్మలేనిది నిజమైనప్పుడు

మన పద్ధతి పాత కథలను కొట్టిపారేయడానికే పనికివస్తుందని అనుకోకండి. కొన్నిసార్లు అది అసాధ్యమనుకొన్నదాన్ని నిజమని నిరూపిస్తుంది.

ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగలను అద్దాల పెట్టెలో ఉంచి గమనించాడు. దూరంలో ఆహారం కనుగొని తిరిగివచ్చిన కూలి ఈగ తేనెపట్టు మీద ఒక వింత నడక నడుస్తుంది. పొట్టను అటూ ఇటూ ఊపుతూ ఒక సరళరేఖలో కొంత దూరం పోతుంది. చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చి మళ్ళీ అదే రేఖలో పోతుంది. ఇది చూసినది. ఇందులో సమాచారం ఉందన్నది ఫ్రిష్ చేసిన ఊహ. నిలువుగా ఉన్న పట్టు మీద ఈగ నేరుగా పైకి నడిస్తే ఆహారం సూర్యుడున్న దిక్కున ఉన్నట్లు. నిలువు రేఖకు కుడివైపు 40 డిగ్రీల కోణంలో నడిస్తే ఆహారం సూర్యుడికి కుడివైపు 40 డిగ్రీల దిశలో ఉన్నట్లు. పొట్ట ఊపే వ్యవధి పెరిగేకొద్దీ దూరం పెరిగినట్లు. సుమారు ఒక సెకను ఊపు ఇంచుమించు ఒక కిలోమీటరును సూచిస్తుంది.

దీన్ని కొందరు శాస్త్రవేత్తలు వెంటనే ఒప్పుకోలేదు. "ఈగలు పువ్వు వాసన పట్టుకొని వెళ్ళి ఉండవచ్చు కదా" అన్నారు. ఇది మన రెండో ప్రశ్నే. ఇలా అడిగినవారు శాస్త్రానికి శత్రువులు కారు, మిత్రులు. వారి సందేహం వల్లనే గట్టి ప్రయోగాలు జరిగాయి. 1980ల చివర్లో పరిశోధకులు తేనెటీగ లాగా నాట్యం చేసే ఒక చిన్న యంత్రాన్ని తయారుచేసి పట్టు మీద ఆడించారు. ఆ యంత్రం ఏ పువ్వు దగ్గరికీ వెళ్ళలేదు. అయినా అది సూచించిన దిక్కుకే ఎక్కువ ఈగలు ఎగిరి వెళ్ళాయి. ఫ్రిష్ ఊహ నిలబడింది. ఆయనకు అంతకుముందే, 1973లో, కోన్రాడ్ లోరెంజ్, నికో టింబర్గెన్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మన ఎత్తయిన చెట్లకూ నీళ్ళ ట్యాంకులకూ పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగలు కూడా ఇలాంటి నాట్యమే చేస్తాయి. వాటి పట్టు ఆరుబయటే ఉంటుంది. సురక్షితమైన దూరంలో నిలబడి, దుర్భిణితో చూడగలిగితే మీరు కూడా గమనించవచ్చు.

పాము: చూసినది నిజం, అర్థం తప్పు

జంతువులన్నింటిలోనూ మనం ఎక్కువ కథలు అల్లింది పాము చుట్టూనే. వీటిలో చాలావాటి వెనుక ఒక నిజమైన పరిశీలన ఉంది. అందుకే ఆ కథలు చెరగడం కష్టం. నాలుగింటిని మన మూడు ప్రశ్నలతో చూద్దాం.

మొదటిది, పాము నాదస్వరానికి ఆడటం. పాములవాడు బూర ఊదుతుంటే నాగుపాము పడగ విప్పి ఊగుతుంది. ఇది చూసినది. పాటకు ఆడుతోందన్నది ఊహ. పాముకు బయటి చెవి, కర్ణభేరి ఉండవు. లోపలి చెవి ఉంది, అది దవడ ఎముకలతో కలిసి ఉంటుంది. కాబట్టి నేల నుంచి వచ్చే కంపనాలను పాము బాగా గ్రహిస్తుంది. గాలిలో వచ్చే గంభీరమైన ధ్వనులను కొంతమేరకు గ్రహిస్తుంది. కాని దాని ఊపుకు కారణం ధ్వని కాదు. ముందు కదులుతున్న బూరను అది ముప్పుగా భావించి, దాని కదలికను అనుసరిస్తూ తనను రక్షించుకొనే భంగిమలో నిలుస్తుంది. పోలిక సులభం: బూర ఊదకుండా ఊపితే పాము ఊగుతుంది. కదపకుండా ఊదితే ఊగదు.

రెండోది, పాముల సయ్యాట. రెండు పాములు పెనవేసుకొని నిలువుగా లేవడాన్ని చూసి, నాగుపాము, జెర్రిపోతు జతకట్టాయని చెబుతారు. సాధారణంగా అలా కనిపించేవి రెండు మగ జెర్రిపోతులు. ఆడపాము కోసం బలం తేల్చుకొంటూ ఒకదాని తలను మరొకటి నేలకు వంచడానికి ప్రయత్నిస్తాయి. అది కుస్తీ, ప్రణయం కాదు. జెర్రిపోతుకు విషం లేదు. అది ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. నాగుపాము బంధువన్న నమ్మకంతో మనం దాన్ని చంపి, మన ధాన్యాన్ని ఎలుకలకు అప్పగిస్తున్నాం.

మూడోది, పాము పాలు తాగడం. పాము మాంసాహారి. పాలు దాని సహజాహారం కాదు. రోజుల తరబడి నీరు లేకుండా ఉంచిన పాము ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. చూసినది పాలు తాగడం, కాని దాని వెనుక ఉన్నది దాహం.

నాలుగోది, పాము పగ. ఒక పామును చంపిన ఇంటి దగ్గర కొన్నాళ్ళకు ఇంకో పాము కనబడుతుంది. ఇది చాలామంది చూసిన విషయమే. కాని మనిషిని గుర్తుపెట్టుకొని వెతుక్కొంటూ వచ్చే శక్తి పాముకు ఉందనడానికి ఆధారం లేదు. ఎలుకలూ, కప్పలూ, రాళ్ళ సందులూ ఉన్న చోటికి ఒక పాము వచ్చిందంటే అవే కారణాలతో ఇంకోటీ వస్తుంది. పగ అనుకొంటే పూజ చేయిస్తాం. ఎలుక అనుకొంటే గాదె కింద శుభ్రం చేస్తాం. రెండో పనివల్లే పాము రాకపోకలు తగ్గుతాయి.

"మా అమ్మకు ఏం చెప్పాలి సార్?"

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ విషయాలే చెబుతున్నాను. నడివయసు విద్యార్థి ఒకరు లేచి, "మా ఊళ్ళో పాముమంత్రం వేసే ఆయన ఎంతోమందిని బతికించాడు సార్. అదంతా అబద్ధమేనా?" అని అడిగారు. మంత్రాలకు విషం దిగదని ఒక్క మాటలో చెప్పి నేను పాఠంలో ముందుకు పోయాను. టీ విరామంలో ఆయన నా దగ్గరికి వచ్చారు. ఆ ఏడాది వానాకాలంలో వాళ్ళ అన్నను పాము కరిచింది. తెల్లవారుజామున మంత్రం వేసే ఆయన దగ్గరికి, మధ్యాహ్నానికి ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికే ఊపిరి ఆగిపోయింది. "వేళ మించింది, ఆయుష్షు తీరింది అని మా అమ్మ సరిపెట్టుకొంది సార్. ఇంట్లో ఇంకా పిల్లలున్నారు. రేపు ఎవరినైనా కరిస్తే మళ్ళీ అక్కడికే తీసుకుపోతుంది. మా అమ్మకు ఏం చెప్పాలి?" అని అడిగారు.

నా ఒక్క మాట జవాబు ఆమెకు పనికిరాదని అప్పుడు అర్థమయింది. ఎందుకంటే, ఆమె కళ్ళారా చూసింది కూడా నిజమే. మంత్రం వేశారు, చాలామంది బతికారు. హాన్స్ సరైన సమాధానం చెప్పడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. ఆమెకు చెప్పవలసింది లెక్క.

భారతదేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి. వాటిలో విషం ఉన్నవి సుమారు 60. మనుషుల మరణాలకు ఎక్కువగా కారణమవుతున్నవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పైగా విషసర్పం కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. విషం ఉత్తి కాటును పొడికాటు అనవచ్చు. ఇప్పుడు లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకొందాం. ఒక ఊళ్ళో కొన్నేళ్ళలో 20 మందిని పాములు కరిచాయి. అందులో 12 మందిని కరిచినవి విషం లేని పాములు. ముగ్గురికి పడినవి పొడికాట్లు. మిగిలిన అయిదుగురికే విషం ఎక్కింది. ఇరవై మందీ మంత్రం వేసే ఆయన దగ్గరికే వెళ్ళారు. అయిదుగురూ చనిపోయారనే అనుకొన్నా, 15 మంది బతికినట్లే. ఆ పదిహేను మందికి మంత్రానికి బదులు మజ్జిగ ఇచ్చినా బతికేవారు. బతికినవారు ఏటేటా ఆయనకు దండం పెడతారు, నలుగురికీ చెబుతారు. చనిపోయినవారు వచ్చి చెప్పరు. వారి గురించి "ఆయుష్షు తీరింది" అన్న మాట సిద్ధంగా ఉంటుంది.

కాబట్టి అడగవలసింది "ఎంతమంది బతికారు?" అని కాదు. "విషం నిజంగా ఎక్కినవారిలో, మంత్రంతో ఎంతమంది బతికారు, ఆసుపత్రి మందుతో ఎంతమంది బతికారు?" అని. ఇదే మన మూడో ప్రశ్న. మంత్రం వేసే ఆయన కూడా ఓస్టెన్ లాగే తన పనిని మనస్ఫూర్తిగా నమ్ముతూ ఉండవచ్చు. ఆయన మోసగాడని నిరూపించనక్కరలేదు. పోలిక లేదని చూపిస్తే చాలు.

పందెంలో ఉన్నది చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయి ఉంటారని ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు పల్లెల్లో, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య సంభవించాయి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న నాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ప్రవర్తన తెలిస్తే కాటు తప్పుతుంది

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద నిద్రపోతున్నవారిని కరుస్తుంది. దాని కోరలు చిన్నవి కాబట్టి గాటు కనబడకపోవచ్చు, నొప్పి కూడా అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే, గాటు కనబడకపోయినా కట్లపామును అనుమానించాలి. నాగుపాము, కట్లపాముల విషం ముఖ్యంగా నాడీ వ్యవస్థ మీద పనిచేసి శ్వాస కండరాలను స్తంభింపజేస్తుంది. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవడం ఈ కాటును నివారించే చవకైన మార్గం.

రక్తపింజర పారిపోవడం కన్నా కదలకుండా పడి ఉండటానికే మొగ్గు చూపుతుంది. ఎండిన ఆకుల్లో, వరికుప్పల దగ్గర దాని ఒంటి మచ్చలు కలిసిపోతాయి. కాలు పడితే కరుస్తుంది. కరిచేముందు గట్టిగా బుస కొడుతుంది. చిన్నపింజర పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి రంపం కోసినట్లు శబ్దం చేస్తుంది. పింజరల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. పొలంలో చెప్పులు, బూట్లు, చీకట్లో టార్చి, ముందు నేలను తట్టడానికి కర్ర ఉండాలి. పాము నేల కంపనాలను గ్రహిస్తుందని పైన చదివారు కదా, కర్ర వాడటం వెనుక ఉన్న కారణం అదే. అయితే రక్తపింజర కదలకపోవచ్చు కాబట్టి కర్ర ఉందని చూపును ఏమరవకూడదు.

కాటు వేసినప్పుడు

• కరిచిన మనిషికి ధైర్యం చెప్పండి. నడవనీయకండి, పరుగెత్తనీయకండి. కండరాలు కదిలేకొద్దీ విషం త్వరగా వ్యాపిస్తుంది.
• ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు తీసివేయండి. తరువాత వాపు వస్తే అవి బిగుసుకుపోతాయి.
• విరిగిన ఎముకకు కట్టినట్లు, కరిచిన కాలికో చేతికో బద్ద ఆనించి కదలకుండా వదులుగా కట్టండి.
• తాడుతో బిగించి కట్టకండి. గాటు కోయకండి. నోటితో పీల్చకండి. పసరు, నల్లరాయి పెట్టకండి.
• పామును వెంబడించి సమయం పోగొట్టకండి. దూరం నుంచి ఫోనులో ఫోటో తీయగలిగితే చాలు.
• 108కి ఫోను చేసి, విష విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి నేరుగా చేర్చండి.

ఆసుపత్రిలో వైద్యులు రోగి రక్తాన్ని కొద్దిగా శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్లు. విషలక్షణాలుంటే విరుగుడు మందును నరంలోకి ఎక్కిస్తారు. లక్షణాలు లేకపోయినా 24 గంటలు పరిశీలనలో ఉంచుతారు. "బాగానే ఉన్నాడు కదా" అని ముందే ఇంటికి తీసుకుపోకండి.

ఈ మందు తయారీలో మళ్ళీ గుర్రం కనబడుతుంది. నాలుగు పాముల విషాన్ని కొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఇస్తారు. వాటి శరీరంలో తయారైన ప్రతిరక్షకాలను రక్తం నుంచి వేరుచేసి మందు చేస్తారు. ఇందుకు అవసరమైన విషాన్ని చాలాకాలంగా సమకూరుస్తున్నవారు తమిళనాడులోని ఇరుల గిరిజనులు. వారు 1978లో ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. నేల మీది జాడను బట్టి పాము ఏ కన్నంలో ఉందో చెప్పగల పరిశీలన వారిది. సంప్రదాయ జ్ఞానమంతా మూఢనమ్మకం కాదని దీన్నిబట్టి గ్రహించండి. రోజూ కన్నంలో చేయిపెట్టి సరిచూసుకొనే జ్ఞానం నిలబడుతుంది. సరిచూసుకోని జ్ఞానం కథగా మిగులుతుంది.

మీరు చేయదగిన పని

ఒక సాయంత్రం ట్యూబులైటు దగ్గర బల్లిని 20 నిమిషాలు గమనించండి. కాగితాన్ని నిలువుగా రెండు గడులు చేసి, ఎడమవైపు "చూసినది", కుడివైపు "అనుకొన్నది" అని రాయండి. "తోక అటూ ఇటూ కదిపింది" అనేది ఎడమ గడిలోకి వస్తుంది. "కోపం వచ్చింది" అనేది కుడి గడిలోకి వస్తుంది. చివర కుడి గడిలోని ఏదైనా ఒక మాట తీసుకొని, దాన్ని పరీక్షించే పోలిక ఒకటి ఆలోచించి రాయండి.

సారాంశం

జంతువులను గమనించడంలో మన పూర్వులు మనకన్నా వెనుకబడిలేరు. గిజిగాడి గూటిలోని మట్టినీ, కాకి గూటిలోని కోకిల గుడ్డునూ, పెనవేసుకొన్న పాములనూ వారు చూశారు. పొరపాటు సాధారణంగా చూపులో కాదు, చూసినదానికి అర్థం చెప్పడంలో జరుగుతుంది. ఆ అర్థాన్ని పోలికతో పరీక్షించినప్పుడు కొన్ని కథలు పడిపోతాయి, తేనెటీగ నాట్యం లాంటివి నిలబడతాయి. గిజిగాడి దీపం కథను నమ్మినా ఎవరికీ నష్టం లేదు. పాముమంత్రం కథను నమ్మితే ఆసుపత్రికి చేరవలసిన గంటలు పోతాయి. ఈ భాగంలోని లెక్కను మీ ఇంట్లో పెద్దవారికి, వారు చూసినదాన్ని కాదనకుండా, వానాకాలం రాకముందే ఒకసారి చెప్పండి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. హాన్స్ గుర్రంపై జరిగిన ప్రయోగాన్ని వివరించి, దాని నుంచి గ్రహించవలసిన పద్ధతిని తెలపండి.
2. పాముల గురించిన నాలుగు నమ్మకాలను తీసుకొని, వాటిలో పరిశీలన ఏదో, ఊహ ఏదో వేరుచేయండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. గిజిగాడి గూడు నిర్మాణంలో ఆడ, మగ పక్షుల పాత్రను వివరించండి.
2. తేనెటీగ నాట్యం దిక్కునూ, దూరాన్నీ ఎలా తెలుపుతుంది?
3. పాముమంత్రం పనిచేసినట్లు ఎందుకు కనిపిస్తుంది? మీ ఊరి ఉదాహరణతో చర్చించండి.